ఎలుగుబంటి ఇంటి కూతురు

చిరుతపులి దుప్పిని పెళ్లి చేసుకోవచ్చా, కూడదా అన్న విషయం మీద మా ఇంట్లో ఒక ఎండాకాలమంతా చర్చ నడిచింది. తినొచ్చా, కూడదా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది వాళ్ల ఇంటి విషయం.

చర్చకు మూలం నా ఫోన్. నేను దంతెవాడలో బీఏ చదివి, ఆవపల్లి వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో చిన్నపిల్లలకు హిందీ చెబుతాను. పిల్లలకు తెలుగు వస్తుంది, ఇంటి భాష దోర్లీ వస్తుంది. పుస్తకానికి హిందీ తప్ప ఏమీ రాదు. మధ్యలో నేనుంటాను. పిల్లలకు హిందీ చెవిన పడాలని జంతువుల బొమ్మల సీరియల్ ఒకటి ఫోన్లోకి దించుకున్నాను. మా ఊళ్లో సిగ్నల్ రాదు కాబట్టి ఆవపల్లి వెళ్లి, టవరు కనబడే చోట చెయ్యి పైకెత్తి నిలబడి దించుకున్నాను. సెలవులు ఇవ్వగానే పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. సీరియల్ నాతో పాటు మా ఇంటికి వచ్చింది. వచ్చి మా అవ్వ చేతిలో పడింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చి చెప్పే పని ఆమెది. మా వాళ్లు గట్లుగా, అంటే వంశాలుగా, విడిపోయి ఉంటారు. ఒకే గట్టులో పుట్టినవాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క, వాళ్ల మధ్య పెళ్లి మాట ఎత్తకూడదు. గట్టు వేరైతే మాట ఎత్తవచ్చు, ఎత్తిన తర్వాత జీవితాంతం పడవచ్చు. పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు పిల్ల కంటే ముందు అవ్వను చూసి వెళ్లేవారు.

సీరియల్ ఎక్కడో విదేశంలో తీసింది, హిందీ మాటలు అతికించారు. మంచు కురిసే అడవి. అందులో ఒక చిరుత కుర్రాడు, ఒక దుప్పి పిల్ల. చిన్నప్పటి నుంచి కలిసి ఆడుకుంటారు. పెద్దయ్యాక ఆట మానేసి ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. మాంసం తినేవాళ్లు, గడ్డి తినేవాళ్లు జత కట్టకూడదని అడవిలో కట్టడి. దాన్ని కాపాడటానికి ఏనుగు పెద్దమనిషి ఉంటాడు, చాడీలు చెప్పడానికి నక్క ఉంటుంది, ఎవరి గొడవా పట్టకుండా తేనె తింటూ ఒక ముసలి ఎలుగుబంటి ఉంటుంది. మా పంచాయతీలో కూడా దాదాపు ఇంతే.

అవ్వకు వచ్చిన హిందీ సంతలో బేరానికి సరిపోతుంది, ప్రేమకు సరిపోదు. అందుకని రోజూ పొద్దు వాలాక వాకిట్లో చింతపండు గింజ తీస్తూ ఆమె చూసేది, నేను పక్కన కూర్చుని చెప్పేదాన్ని. అమ్మ కొంచెం ఎడంగా కూర్చుని, చూడనట్టు చూసేది.

మొదటి రోజే అవ్వకు అనుమానం వచ్చింది.

"ఏంది పిల్లా, ఈ అడివిల ఇప్పచెట్టు ఒక్కటన్న కనబడతలేదు. ఏం తిని బతుకుతరు వీళ్లు?"

"దుప్పి గడ్డి తింటది అవ్వా. చిరుతేమో... దొరికింది తింటది."

"మరి పండుగకు ఏం తాగుతరు?"

దీనికి జవాబు నా బీఏలో లేదు.

రెండో రోజు ఫోన్ ఆపించింది. "ఆగు. ఇద్దరికీ ఒంటినిండ చుక్కలే. ఒకే గట్టోళ్లా ఏంది?"

నేను అంతవరకు ఆ సీరియల్ను పిల్లలతో కలిసి ఎన్నోసార్లు చూశాను. ఈ కోణం తట్టలేదు.

"కాదవ్వా. చిరుతవి నల్ల చుక్కలు, దుప్పివి తెల్లవి."

అవ్వ ఫోన్ లాక్కుని ముక్కుకు ఆనించుకుని చూసింది. "ఊఁ. వేరే గట్టే. ఇంకేంది మరి, చెయ్యమను పెళ్లి."

"అది దీన్ని తినే జాతి కదా అవ్వా."

"మీ తాత నన్ను తినలేదా? జర మెల్లగ తిన్నడు, అంతే."

ఆ రోజు నుంచి అవ్వ చిరుత కుర్రాడి పక్షం. వాడి చూపు మంచిదని, కాళ్లు గట్టివని, కల్లు ముట్టడని మెచ్చుకునేది. నక్క తెర మీదికి వస్తే చాలు, చింతగింజ తీసి ఫోన్ మీదకు విసిరేది. నా ఫోన్ అద్దం మీద గీతలన్నీ నక్కవే.

కథ ఇలా సాఫీగా సాగితే నాకు రాయడానికేమీ ఉండేది కాదు. ఒక భాగంలో పాత సంగతి చూపించారు. ఈ పిల్లలు పుట్టకముందు అడవిలో కరువు వస్తుంది. మడుగు ఒక్కటే మిగులుతుంది. ఈ ఒడ్డున చిరుత తల్లి, ఆ ఒడ్డున దుప్పి తల్లి. ఇద్దరూ భయపడుతూనే నీళ్లు తాగుతారు. తాగాక దుప్పి తల్లి నీళ్లలో తేలుతున్న ఒక పువ్వును మూతితో తోస్తుంది. అది తేలుకుంటూ అవతలి ఒడ్డుకు పోతుంది. చిరుత తల్లి దాన్ని తీసి చెవి మీద పెట్టుకుంటుంది. బొమ్మ గీసినవాడు అందంగా ఉంటుందని గీసి ఉంటాడు.

అవ్వ తొడ మీద చరుచుకుంది. "అయ్యో, అయ్యో! పువ్వు మార్చుకున్నరు!"

అమ్మ చేతిలో చింతపండు అలాగే ఆగిపోయింది.

బయటివాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. మా వైపు ఇద్దరు ఆడపిల్లలకు స్నేహం కుదిరితే జాతరలో పెద్దల ముందు పువ్వు మార్చుకుంటారు. ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటికి వచ్చి అన్నం తింటారు. హల్బీ మాట్లాడే పొరుగువాళ్ల దగ్గర మేం నేర్చుకున్నామో, వాళ్లే మా దగ్గర నేర్చుకున్నారో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు, "పువ్వూ" అనే పిలవాలి. నువ్వు అనకూడదు, మీరు అనాలి. పోట్లాడకూడదు. ఎగతాళి ఆడకూడదు. అన్నిటికంటే పెద్దది, ఒకరు అడిగింది రెండోవాళ్లు కాదనకూడదు. ఇక వాళ్ల పిల్లలు, గట్టు వేరైనా సరే, అన్నాచెల్లెళ్లు. గట్టు పుట్టుకతో వచ్చింది, పువ్వు కోరి తెచ్చుకున్నది, అందుకని పువ్వే గట్టిది అంటుంది అవ్వ.

మా అమ్మకు ఒక పువ్వు ఉంది. పెళ్లి కాకముందు మార్చుకున్న పువ్వు. వాగు అవతలి ఊళ్లో ఉంటుంది. ఇద్దరూ కలిసినప్పుడు మాట్లాడుకునే తీరు చూస్తే ఇద్దరు కలెక్టర్లు కలుసుకున్నట్టు ఉంటుంది. "పువ్వూ, కూసోండ్రి." "మీరు కూసోండ్రి పువ్వూ." ఇద్దరూ చాలాసేపు నిలబడే ఉంటారు.

ఆమెకు ఒక కొడుకు ఉన్నాడు. బోరింగు పంపులు బాగుచేసే మెకానిక్. మోటార్ సైకిల్ వెనక రెంచీలు, రబ్బరు వాషర్లు కట్టుకుని ఊరూరూ తిరుగుతాడు. చిన్నప్పటి నుంచి అతన్ని అన్నా అని పిలిచేదాన్ని. తర్వాత ఒక ఏడాది మా ఊరి బోరింగుకు తరచూ జబ్బు చేయడం మొదలైంది. అతను వచ్చి దాన్ని విప్పేవాడు, నేను బిందె పట్టుకుని నిలబడేదాన్ని. అంత శ్రద్ధగా చూసిన బోరింగు జిల్లా మొత్తంలో ఉండదు. ఆ మధ్యలో ఎప్పుడో అన్నా అనడం మానేశాను. వేరే ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేశాను. అతనికి అది నచ్చింది.

ఇప్పుడు నా ఇబ్బంది అర్థమై ఉంటుంది. గట్లు వేరు, వయసులు సరి, ఇద్దరికీ తిండి పెట్టే పని ఉంది. ఎవరూ ఎవరినీ తినే జాతి కాదు. అడ్డమల్లా ఒక్క పువ్వు. మేం లేచిపోతే ఊరు పెద్దగా ఏమీ అనదు. మా వైపు సగం సంసారాలు అలా మొదలైనవే, తర్వాత ఒక మేక ఖర్చుతో సర్దుకున్నవే. కానీ అమ్మ పువ్వు తెగిపోతుంది. అన్నాచెల్లెళ్లు పెళ్లాడిన ఇంట్లో పువ్వు నిలవదు. మా అమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అడవికి పోతుంది, పొలానికి పోతుంది, వస్తుంది. ఆమెకు ఈ లోకంలో తనకు తానుగా ఎంచుకున్నది అంటూ ఉంటే అది ఆ పువ్వు ఒక్కటే. మిగతావాళ్లమంతా ఆమెకు తగులుకున్నవాళ్లం.

"గోదావరి దాటి మా చిన్నాయన దగ్గరికి పోదాం" అన్నాడు అతను ఒకసారి, పంపు రాడ్డు బిగిస్తూ. "నెల రోజులుంటే అందరు సల్లబడతరు."

"అందరు సల్లబడతరు. మా అమ్మ కూడ సల్లబడతది. అదే నా భయం" అన్నాను.

అతను మళ్లీ రాడ్డు మీదికి వంగాడు. ఆ రోజు పంపు నిజంగానే బాగైంది.

అందుకే ఆ సాయంత్రం వాకిట్లో అవ్వ తీర్పు వినడానికి నేను ఫోన్ వదిలేసి ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. చిరుత గురించి ఏం చెబితే నా గురించీ అదే. పై కోర్టు లేదు.

"తల్లులు పువ్వు మార్చుకున్నంక పిల్లలు అన్నాచెల్లెండ్లే" అంది అవ్వ. "సూడు, వాడు దాని తల్లిని మౌసీ అంటుండు, అంటే చిన్నమ్మనే గద. నేను విన్న. ఇంకేంది, అయిపాయె."

"వాళ్లు జంతువులు కదవ్వా" అన్నాను.

"జంతువులకు నీతి ఉండదా? నువ్వు చదివిందేంది?"

అమ్మ తలెత్తకుండా, "పాపం, పోరగాడు మంచోడు" అంది. చిరుత గురించే అంది.

అవ్వకు ఆ రాత్రి అన్నం సయించలేదు. తీర్పు చెప్పింది తనే, బాధపడుతున్నదీ తనే. మర్నాడు పొద్దున్నే పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పిల్లా, ఆ ఎలుగుబంటికి పిల్లలున్నరా?"

"లేరవ్వా. ఒక్కడే ఉంటడు."

"ఇంకేంది మరి! దుప్పి పిల్లను ఎలుగు పెంచుకోవాలె. నలుగురిల కూసొని, ఇది ఇయ్యాల్టి సంది నా బిడ్డ అనాలె. అది ఎలుగు గట్టుకు పోతది. తల్లి పువ్వు తల్లికే ఉంటది, పిల్లకు అంటదు. చిరుతోళ్లు పోయి ఎలుగింట్ల పిల్లనడగాలె. మా చిన్నప్పుడు ఇట్లనే రెండు పెండ్లిళ్లు చేసిన్రు."

ఇన్నాళ్లూ నా సందేహం ఆమెను అడగడానికి భయపడ్డాను. సందేహం చిరుతదైతే ఆమె రాత్రంతా మేలుకుని దారి వెతికింది.

అక్కడి నుంచి రోజూ ఒకటే ప్రశ్న. "ఎలుగు తీసుకున్నడా పిల్లను?" "ఇంకా లేదవ్వా." "ఏం చేస్తుండు మరి?" "తేనె తింటుండు." "తిననియ్. పని కూడ చేయాలె కద!"

సీరియల్ చివరికి వచ్చింది. ఏనుగు పెద్దమనిషి తీర్పు చెప్పే రోజు. అవ్వ ఆ రోజు చింతపండు పక్కన పెట్టి, మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఎలుగు లేచి నిలబడితే అవ్వ కూడా ముందుకు వంగింది. ఎలుగు ఆవలించి మళ్లీ కూర్చున్నాడు. ఏనుగు కుదరదు అన్నాడు. అప్పుడు చిరుత, దుప్పి మంచులో పరుగెత్తి, గడ్డకట్టిన నది దాటి, వేరే అడవికి వెళ్లిపోయారు. పాట. అయిపోయింది.

అవ్వ ఫోన్‌ను ముక్కు దగ్గరికి లాక్కుంది. "లేచిపోయిన్రా?"

"అవునవ్వా."

"ఇద్దరు తల్లులు?"

"చూపించలే."

"ఎట్ల చూపిస్తరు! చూపిస్తే తెలుస్తది గద." కోపంతో చీర కొంగు నడుముకు బిగించింది. "ఇది రాసినోళ్లకు ఇంట్ల పెద్దలు లేరా? ఎలుగును అంత దగ్గర కూసోబెట్టి, వాడితోని ఒక్క మాట చెప్పియ్యలే. తేనె తినడానికా వాడు?"

కథకుల మీద ఇంత సరైన విమర్శ నేను కాలేజీలో వినలేదు. అయితే ఆ క్షణంలో నాకు సాహిత్యం మీద ఆసక్తి లేదు.

"అవ్వా" అన్నాను. "మనుషులకైతే ఎలుగు ఎవరు?"

అవ్వ నా వైపు తిరిగింది. "ఎవరికి?"

నేను ఫోన్ అద్దం మీది గీతలు వేలితో రుద్దాను.

"బోరింగు పిల్లగాడా?" అంది. "ఏడాది సంది నువ్వు వాణ్ని అన్నా అంటలేవు. నాకు కండ్లు మసక గని, చెవులు మంచిగనే ఉన్నయ్."

అమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నా వైపు కూడా చూడకుండా ఒకటే అడిగింది: "పువ్వుకు తెలుసా?"

"తెల్వదమ్మా."

మర్నాడు అమ్మ బుట్టలో కొత్త చింతపండు, ఒక సొరకాయ పెట్టుకుని వాగు అవతలికి బయలుదేరింది. నన్ను వెంట రమ్మంది. ఆ వాగు అంత వెడల్పని నాకు అప్పుడే తెలిసింది.

పువ్వు ఇంట్లో ఏం జరిగిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగలేదు.

"పువ్వూ, కూసోండ్రి."

"మీరు కూసోండ్రి పువ్వూ."

ఎట్టకేలకు కూర్చున్నారు. కోళ్ల గురించి మాట్లాడుకున్నారు. తునికాకు ఈసారి పురుగు పట్టిందని అనుకున్నారు. సొరకాయ ఎంత లేతదో గోరు గుచ్చి చూసుకున్నారు. అతను వాకిట్లో తన ఇంటి బోరింగునే విప్పి కూర్చుని, దాని మీదికి తల వంచి వింటున్నాడు. అమ్మ మూడు నాలుగుసార్లు నోరు తెరిచి మూసింది. పువ్వు కూడా అంతే. ఏదో ఉందని ఆమెకు తెలిసిపోయింది. కొడుకు చెవులు ఎర్రబడిన తీరు చూస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోయేది. పొద్దు వాలింది. అమ్మ లేచింది.

"పోయొస్తం పువ్వూ."

"మంచిది పువ్వూ. మల్ల రండ్రి."

వాగు దాకా వచ్చాక ఆపుకోలేక అడిగాను. "అమ్మా, ఏం అడగలేదేంది?"

అమ్మ నీళ్లలో దిగి ఆగింది. "నేనడిగితే ఆమె కాదనొద్దు. మనసుల ఇష్టం లేకున్న సరే అనాలె. కాదనలేని మనిషిని ఎట్ల అడుగుత బిడ్డా?"

నాకు తట్టని మాట అది. ఇష్టం ఉందో లేదో తెలుసుకునే దారి ఆ ఇద్దరి మధ్య లేదు. పువ్వు మార్చుకున్న రోజే వాళ్లు కాదనే మాటను పోగొట్టుకున్నారు. వెనక అతని తల్లి ఇంకా గుమ్మంలోనే నిలబడి మా వైపు చూస్తోంది. ఆమె కూడా అడగలేదు, అదే కారణంతో.

ఇంటికి వచ్చి చెబితే అవ్వ ఏమాత్రం కంగారు పడలేదు. "అందుకే గద ఎలుగు" అంది. "ఎలుగును కాదనొచ్చు."

ఎలుగు ఎవరో నాకు అప్పటికే తెలుసు. మా మేనత్త మొగుడు. మాకు మామ. పక్క ఊరే. పిల్లలు లేరు. లావు మనిషి, చెవుల్లో కూడా వెంట్రుకలు. జీలుగు చెట్టు ఎక్కి కల్లు దించే వేళ కింద నుంచి చూస్తే బొమ్మ గీసినవాడు మా ఊరికి ఎప్పుడో వచ్చి వెళ్లాడేమో అనిపిస్తుంది. గట్టు కూడా కుదిరింది. మామది మా గట్టూ కాదు, బోరింగు అతని గట్టూ కాదు.

అవ్వ కబురు పెడితే మామ, అత్త వచ్చారు. అవ్వ సంగతి చెప్పింది. చిరుత, దుప్పి, మడుగు, ఏనుగు, అన్నీ చెప్పి చివర్లో మేమున్నామని చెప్పింది. మామ శ్రద్ధగా విన్నాడు.

"అంతా సమజైంది అత్తా" అన్నాడు. "నేను ఎలుగెందుకు అయిన్నో అదొక్కటి సమజ్ కాలే."

అత్త అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, "ఇంకా అడుగుతున్నవా?" అంది.

మామ ఒప్పుకున్నాడు, కాని షరతులు పెట్టాడు. పెంచుకున్నాక తండ్రి మర్యాదలన్నీ తనకే జరగాలి. కొత్త పంచె తనకే. మొదటి దొప్ప సారా తనకే. సాగనంపేటప్పుడు ఏడ్చే హక్కు తనదే. అప్పటిదాకా నవ్వుతూ వింటున్న మా నాయన అక్కడ లేచాడు.

"మరి నేనేం చేయాలె బావా?"

"నువ్వు చుట్టానివి. మంచిగ తిని పో."

"కన్నది నేను!"

"కన్నవు. కాదంటలేం. కడుపునిండ తిను."

ఇద్దరూ ఆ పూటంతా వాదించుకున్నారు. చివరికి నాయనకు ఏడవడానికి అనుమతి దొరికింది, కాని మామ తర్వాత, చిన్నగా.

నలుగురిని పిలిచి పెంపకం తంతు చేశారు. నన్ను మామ ఒళ్లో కూర్చోబెట్టాలన్నారు. బీఏ చదివి, జీతం తెచ్చుకుంటున్న మనిషిని. కూర్చున్నాను. మామ కాలు తిమ్మిరెక్కి మొహం మాడ్చుకున్నాడు గాని లెమ్మనలేదు. అత్త నా నోట్లో అన్నం ముద్ద పెట్టి, పిల్లల్లేని ఇంట్లో ఇన్నేళ్లకు ఒక బిడ్డ పుట్టిందంటూ కళ్లు తుడుచుకుంది. లెక్క ప్రకారం నేను కోడలిగా వెళ్లగలిగిన ఇల్లు అది. కూతురిగా వెళ్లాను, అదీ పళ్లన్నీ వచ్చాక. అమ్మ దూరంగా నిలబడి చూసింది. ఆ రోజు నుంచి లెక్కకు ఆమె నాకు మేనమామ భార్య, అంటే అత్త. అయినా అన్నం తిన్నావా అని సాయంత్రానికి నాలుగుసార్లు అడిగింది.

తర్వాత మామ వాగు దాటాడు. మా ఆచారంలో పిల్ల తండ్రి తనంతట తాను పిల్లను చెప్పుకుంటూ పోడు. మామ జీలుగు కల్లు కుండ ఒకటి భుజాన వేసుకుని, దారిన పోతూ ఆగినట్టు ఆగాడు. నాకు ఈ భాగం మామ చెబితేనే తెలుసు, అందుకని కల్లు భాగం తీసేసి రాస్తున్నాను.

"మా ఇంట్ల ఒక బిడ్డ ఉన్నది" అన్నాడట, కొడుకు తల్లితో. "నిన్న మొన్ననే పుట్టింది. పెండ్లికి ఎదిగింది."

పువ్వు ఎందుకు వచ్చి ఏమీ అడగకుండా పోయిందో అప్పుడు ఆమెకు తెలిసింది.

"నేను కాదనొచ్చా?" అని అడిగిందట.

"ఎందుకు అనొద్దు? నాతోని నీకు పువ్వు లేదు, కాయ లేదు."

అప్పుడు ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది. పిల్లకు వంట వచ్చా? బడికి పోయే పిల్ల వరి కోస్తుందా? అంత సన్నగా ఉంది, మీ ఇంట్లో తిండి పెట్టరా? అడుగడుగున హిందీ మాట్లాడుతుందట, కోళ్లకు అర్థమవుతుందా? మామ ప్రతి దానికీ జవాబు చెప్పాడు. సగం తప్పు. నాకు వరి కోయడం రాదని ఈ పాటికి వాళ్లకూ తెలుసు. వాదన ఎండ తిరిగేదాకా సాగింది. పాతికేళ్లుగా మా ఇంటితో మర్యాద తప్ప మాట్లాడని మనిషి మనసారా మాట్లాడిందట. అన్నీ అయ్యాక కుండ వైపు చూసి అంది:

"కల్లు పొయ్ మరి. చూస్తవేంది?"

మా వైపు సరే అనడం అలాగే ఉంటుంది.

మామ తిరిగి వచ్చి చెప్పగానే అమ్మ లోపలికి వెళ్లింది. ఎక్కడో దాచిన కొత్త చీర తీసింది, మళ్లీ పెట్టేసింది, మళ్లీ తీసింది. "కాదనొచ్చని చెప్పినవా ఆమెకు?" అని రెండుసార్లు అడిగింది. చెప్పానన్నాడు. "చెప్పినా సరే అన్నదా?" అన్నదన్నాడు. అమ్మ అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. పళ్లు మంచివే.

మళ్లీ ఎండాకాలం, ఇప్పపూలు ఏరడం అయిపోయాక, పెళ్లి మామ ఇంట్లో జరిగింది. నాయన చుట్టంలాగా గుండ్రంగా చుట్టిన తలపాగాతో వచ్చి, ఎవరూ చూడనప్పుడు పందిరి గుంజలు గట్టిగా ఉన్నాయో లేదో కదిపి చూశాడు. అవ్వ మధ్యలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చిరుత కథ చెప్పింది, కాని చివర మార్చేసింది. ఆమె కథలో ఎలుగు లేచి మాట్లాడతాడు. వినేవాళ్లు ఎలుగు అన్నప్పుడల్లా మామ వైపు చూశారు. మామ అప్పటికి అలవాటు పడి తల ఊపాడు.

ఇక పాటలు. మా పెళ్లిళ్లలో ఆడపిల్ల వైపు ఆడవాళ్లు వరసగా నిలబడి, పెళ్లికొడుకు తల్లిని పాట కట్టి ఏకిపారేస్తారు. ఆమె ముక్కు, నడక, ఆమె వండే కూర, ఆమె పొయ్యి, దేన్నీ వదలరు. ఆమె వైపువాళ్లు బదులు పాడతారు. ఇది లేకపోతే పెళ్లి అయినట్టు కాదు. మా అత్త ఇప్పుడు పెళ్లికూతురి తల్లి కాబట్టి ముందు వరసలో నిలబడి గొంతెత్తింది. పెళ్లికొడుకు తల్లి కోడి పులుసు వండితే కోడి లేచి వాగు దాటి పారిపోయిందని పాడింది. అటు నుంచి బదులు వచ్చింది. ఎలుగుబంటి ఇంటి పిల్ల, చెవి మీద వెంట్రుకలు చూసి తీసుకోండి అని. పందిరి అదిరింది. మామ రెండు చెవులూ మూసుకున్నాడు.

అమ్మ వరస చివర నిలబడి ఉంది. ఆమె పాడకూడదు. పాడితే పువ్వును ఎగతాళి చేసినట్టు. పెదవులు గట్టిగా బిగించుకుని, కాళ్లు మాత్రం పాటకు వేస్తోంది. నేను పసుపు ముద్దలా కూర్చుని ఆమెనే చూస్తున్నాను. వాగు అవతల నుంచి వచ్చిన ఆమె పువ్వు కూడా అత్త పాటకు నవ్వుతూ, మధ్యమధ్య వరస చివరికే చూస్తోంది.

అత్తకు ఊపిరి అందక ఒక చోట ఆగింది. తర్వాతి చరణం ఎవరూ ఎత్తుకోలేదు. ఆ ఖాళీలోకి, సన్నగా, తనకే తెలియనట్టు, మా అమ్మ గొంతు వచ్చింది.

పెళ్లికొడుకు తల్లి కూసోమంటే కూసోదు, మీరే కూసోమంటది, ఆమె ఇంటికి పోతే నిలబడి నిలబడి కాళ్లు పోతాయి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పందిరంతా గొల్లుమంది. అమ్మ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. మొహం ఎర్రబడిపోయింది. గుంపు దాటుకుని పెళ్లికొడుకు తల్లి దగ్గరికి వెళ్లి, చేతులు పట్టుకుంది.

"తప్పైంది పువ్వూ. నోరు జారింది. తప్పైంది."

ఆమె నవ్వి నవ్వి కళ్ల నీళ్లు తుడుచుకుంటోంది. పక్కన పీట ఉంటే కొంగుతో దులిపి, అమ్మ వైపు జరిపింది.

"తప్పేంది పువ్వూ. కూసోండ్రి" అంది. "కూసొని, ఇంకోటి పాడండ్రి."